శిక్ష, కనికరం: తెలుగు బైబులులోని కొన్ని మాటల వెనుక

ఒకసారి మా తరగతిలో కొత్త నిబంధన నుంచి హెబ్రీయులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం చదివించాను. ప్రభువు తాను ప్రేమించేవారినే శిక్షిస్తాడు అన్న భావం అక్కడ వస్తుంది. బరంపురం నుంచి వచ్చిన విద్యార్థిని అది చదివి, "అంటే చదువు చెప్పిస్తాడన్న మాట" అంది. పక్కనున్న బళ్లారి కుర్రవాడు పకపకా నవ్వాడు. అతను పెరిగిన ఊళ్లో శిక్షె అంటే కోర్టువారు వేసేది. సోలాపురం నుంచి వచ్చిన మరొకతను బళ్లారి అతన్ని బలపరిచాడు, మరాఠీలో కూడా శిక్షా అంటే దండనే, చదువుకు శిక్షణ్ అంటారని. హోసూరు అమ్మాయి తన ఊరి తమిళ చర్చిలో వినే సిట్చై అన్న మాటను గుర్తు చేసింది. ఒక్క సంస్కృత పదం నలుగురి ఇళ్ల చుట్టూ తిరిగి నాలుగు రకాలుగా తరగతిలోకి వచ్చింది.

నవ్వినవాడిది తప్పు కాదు, నవ్వించిన అమ్మాయిదీ తప్పు కాదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మూలానికి దగ్గరగా వెళ్లింది బరంపురం అమ్మాయే. ఆ తగాదాను ఆధారం చేసుకుని క్రైస్తవ విశ్వాసంలో దేవుడు మనిషిని సరిదిద్దడం, కనికరించడం అనే రెండు భావాలు ఎలా కలిసి ఉన్నాయో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. విశ్వాసులు కానివారు కూడా ఇది తెలుసుకోవాలి. రెండు శతాబ్దాల తెలుగు క్రైస్తవ సాహిత్యం, ముఖ్యంగా కీర్తనలు, ఈ మాటల మీదే నిలబడి ఉంది.

శిక్ష్ ధాతువుకు సంస్కృతంలో నేర్చుకోవడం అని అర్థం. వేదాంగాలు ఆరింటిలో ఉచ్చారణ శాస్త్రం పేరు శిక్ష. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం శీక్షావల్లి. ఒడియాలోనూ హిందీలోనూ ఈ పాత అర్థం నిలిచింది. తెలుగులో మాత్రం చదువు అర్థం శిక్షణకు, శిక్షితుడికి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు వెళ్లిపోయి, శిక్ష అనే రూపానికి దెబ్బలే మిగిలాయి. సర్వశిక్షా అభియాన్ అనే పేరు తెలుగునాట వినబడిన కొత్తలో అందరికీ శిక్షేనా అని బడిపంతుళ్లు హాస్యమాడటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే పంతొమ్మిదో శతాబ్దంలో ఈ మాట ఇంత ఇరుకైనది కాదు. బ్రౌను నిఘంటువు (1852) దీనికి నేర్పడం, దండించడం అనే రెండర్థాలనూ చూపింది.

తెలుగు బైబులు పుట్టింది ఆ కాలంలోనే. మద్రాసులో ఉన్న జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి బైబులును తెలుగులోకి తెచ్చాడు గాని అది అచ్చు కాలేదు. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు కలిసి చేసిన మూడు సువార్తలు 1812లో బెంగాలులోని సేరంపూరులో అచ్చయ్యాయి. మద్రాసు, సేరంపూరు: మొదటి రాతప్రతి ఒక చోట, మొదటి అచ్చు ఇంకొక చోట, రెండూ తెలుగుదేశానికి వెలుపలే. బయట ఉంటూ తెలుగు చదివే మీకు ఈ సంగతి కొంత ధైర్యం ఇవ్వాలి.

ఇప్పుడు మూలభాషలకు వెళ్దాం. పాత నిబంధనలో శిక్ష అని వచ్చే చోట హెబ్రీ మాట చాలాసార్లు మూసార్. తండ్రి కొడుకుకు, గురువు శిష్యుడికి చెప్పే బుద్ధి, ఆ బుద్ధి ఎక్కనప్పుడు పడే దెబ్బ, రెండూ అందులో ఉన్నాయి. దీన్ని గ్రీకులోకి తెచ్చినవారు పైదీయా అన్నారు. పైస్ అంటే పిల్లవాడు. పిల్లవాణ్ని పెంచి మనిషిని చేయడం పైదీయా. గ్రీకు నగరాలలో చదువు, సంగీతం, వ్యాయామం అన్నీ ఆ మాట కింద వచ్చేవి. హెబ్రీ పత్రిక రచయిత వాడింది ఈ మాటే. ఆ భాగం చివర శిక్షవల్ల అభ్యాసం కలిగినవారు అని చెప్పేచోట అతను వాడిన క్రియ వ్యాయామశాలకు, అంటే జిమ్నాసియానికి, సంబంధించినది. నేరస్థుడు బోనులో నిలబడిన దృశ్యం కాదిది, కుర్రవాడు గోదాలో చెమటోడ్చే దృశ్యం. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పిల్లల్ని ఎలా పెంచాలో తండ్రులకు చెప్పేచోట, తిమోతికి రాసిన రెండో పత్రికలో లేఖనాల ప్రయోజనం చెప్పేచోట కూడా తెలుగులో శిక్ష అనే ఉంది, మూలంలో పైదీయానే ఉంది. అక్కడ చదువు, పెంపకం అన్న అర్థం తప్ప మరొకటి పొసగదు.

చిక్కంతా మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయం చివర వస్తుంది. అంత్యతీర్పు ఘట్టంలో తెలుగు అనువాదం మళ్లీ శిక్ష అనే మాటనే వాడింది. మూలంలో ఉన్నది మాత్రం కొలాసిస్ అనే వేరే మాట, నేరానికి పడే దండన. అదే కొలాసిస్‌ను యోహాను మొదటి పత్రికలో, ప్రేమ ఉన్నచోట భయానికి తావులేదని చెప్పే భాగంలో, మన అనువాదకులు దండన అన్నారు. మత్తయిలో కూడా అలాగే అని ఉంటే ఎంత బాగుండేది! తెలుగు పాఠకుడి చెవిలో ఈ రెండు శిక్షలూ కలిసిపోయాయి. తండ్రి పెంపకానికీ న్యాయాధిపతి తీర్పుకూ ఒకే మాట అయ్యేసరికి, కష్టం వచ్చిన ప్రతిసారీ తీర్పు పడినట్టే వినబడుతుంది.

హెబ్రీ పత్రికలోని ఆ వాక్యం నిజానికి సామెతల గ్రంథం మూడో అధ్యాయం నుంచి తెచ్చినది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కనిపిస్తుంది. సామెతలలో తండ్రి కొడుకుతో వ్యవహరించినట్టు అనే ఉపమానం ఉంది. హెబ్రీ పత్రికలో ఆ ఉపమానం స్థానంలో దండించడం అనే క్రియ ఉంది. కారణం తెలుగు గుణింతం తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. ప్రాచీన హెబ్రీ లిపిలో హల్లులు మాత్రమే రాసేవారు, అచ్చులు చదివేవాడు వేసుకోవాలి. తలకట్లు, గుడులు, కొమ్ములు అన్నీ తీసేసిన తెలుగు పుటను ఊహించండి. ఆ పంక్తిలోని హల్లులను ఒక రకంగా పలికితే తండ్రివలె అని, మరొక రకంగా పలికితే నొప్పి కలిగించును అని వస్తుంది. గ్రీకు అనువాదకులు రెండో విధంగా చదివి కొరడా మాట తెచ్చారని పండితుల అభిప్రాయం. కొత్త నిబంధన రచయిత ఆ గ్రీకు పాఠాన్ని ఉదాహరించాడు. అయినా తన వ్యాఖ్యానంలో మళ్లీ తండ్రి దగ్గరికే వచ్చాడు. సరిదిద్దే తండ్రి ఉండటమే మీరు బిడ్డలనడానికి గుర్తు అన్నది అతని వాదం.

ఆ పత్రిక చదివినవారు ఎవరు అన్నది కూడా చూడాలి. విశ్వాసం కారణంగా అవమానాలు పడి, ఆస్తులు పోగొట్టుకుని, అలసిపోయినవారు. మీరు పాపం చేశారు కాబట్టి ఈ కష్టం వచ్చింది అని రచయిత వారితో ఎక్కడా అనడు. కష్టం ఇతరుల శత్రుత్వం వల్ల వచ్చింది. దాన్ని దేవుడు పెంపకంగా మలుస్తాడని మాత్రమే చెబుతాడు. కష్టం ఎక్కడినుంచి వచ్చింది అన్నది ఒక ప్రశ్న, దానితో దేవుడు ఏం చేస్తాడు అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసిన బోధలు నేను చాలా విన్నాను.

కర్ర సంగతి ఇంకా విచిత్రం. శిక్ష విషయంలో రెండు గ్రీకు మాటలకు ఒక తెలుగు మాట వస్తే, ఇక్కడ ఒకే హెబ్రీ మాటకు రెండు తెలుగు మాటలు వచ్చాయి. షెబెత్ అంటే కర్ర. పిల్లల పెంపకం గురించిన సామెతలో దాన్ని బెత్తము అన్నారు. ఇరవై మూడో కీర్తనలో గొర్రెల కాపరి చేతిలోని అదే షెబెత్‌ను దుడ్డుకర్ర అన్నారు. కాపరి ఆ కర్రతో గొర్రెను చావగొట్టడు. తోడేలును తరుముతాడు, దారి తప్పిన గొర్రెను మళ్లిస్తాడు. కీర్తనకారుడు ఆ కర్రను చూసి ధైర్యం తెచ్చుకుంటాడు. బెత్తం అనగానే మనకు బడి గుర్తుకొస్తుంది, కాపరి కనుమరుగవుతాడు. పిల్లల్ని కొట్టడానికి ఈ సామెతను ఆధారంగా చూపేవారు ఇప్పటికీ ఉన్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. బైబులును అడ్డం పెట్టుకుని ఇంట్లో కొట్టేవారు ఆ కాపరి కర్రను ఒకసారి జ్ఞాపకం చేసుకుంటే మంచిది.

సరిదిద్దడానికి మన సొంత మాట దిద్దడం. పిల్లవాడి వేలు పట్టుకుని ఇసుకలోనో పలకమీదో ఓనమాలు దిద్దించేవారు. తప్పు పోవడం, అక్షరం రావడం అక్కడ ఒకే పని. 1910లో వచ్చిన గురజాడ కథ 'దిద్దుబాటు' మీ పాఠ్యాంశాల్లో ఉండే ఉంటుంది. అందులో కమలిని భర్తను తిట్టదు, కొట్టదు. ఇల్లు విడిచిపోయినట్టు నమ్మించి, అతని తప్పు అతనికే కనబడేలా చేస్తుంది, చివరికి మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. మూసార్ అనే మాటకు శిక్ష బదులు దిద్దుబాటు అని ఉంటే తెలుగు క్రైస్తవుల మనస్సులో దేవుని ముఖం కొంత వేరుగా ఉండేదేమో అని నాకు అనిపిస్తుంది. హోషేయ గ్రంథం పదకొండో అధ్యాయంలో దేవుడు ఎఫ్రాయీమును చేతులు పట్టుకుని నడక నేర్పిన తల్లిదండ్రుల వలె మాట్లాడతాడు. ఆ పిల్లవాడు ఎదిగి తిరగబడితే కోపం వస్తుంది. శిక్ష ప్రకటిస్తూనే, మధ్యలో తన గుండె తిరగబడిపోయిందని, వదులుకోలేనని అంటాడు. శిక్ష, కనికరం రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో.

ఇక కనికరం. ఈ విషయంలో మన అనువాదకుల భాగ్యం బాగుంది, తెలుగులో మాటలకు కొదువలేదు. హెసెద్ అనే హెబ్రీ మాటకు మాట తప్పని ప్రేమ అని అర్థం. నిబంధన చేసుకున్నవాడు అవతలివాడు తప్పినా తాను తప్పకపోవడం. దీనికి తెలుగులో సాధారణంగా కృప అన్నారు. రహమీం అనేది ఇంకొక మాట. రెహెం అంటే గర్భం, దాని బహువచన రూపమే రహమీం. దీనికి కనికరము, వాత్సల్యము అని వాడారు. వాత్సల్యం వత్స శబ్దం నుంచి వచ్చింది, దూడ మీద ఆవుకుండే ప్రేమ. హెబ్రీవారు గర్భం అన్నారు, మనవారు లేగదూడను చూపారు. గ్రీకులో యేసు జాలిపడ్డాడని చెప్పే క్రియ కడుపులోని పేగులకు సంబంధించినది. తప్పిపోయిన కుమారుని కథలో, కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రికి కలిగింది అదే. మన పల్లెల్లో కడుపు తరుక్కుపోయింది అంటారు, కడుపుతీపి అంటారు. గ్రంథంలో కనికరపడి అని మర్యాదగా ఉంది గాని, ఇంట్లో అమ్మ చెప్పే తెలుగు మూలానికి ఇంకా దగ్గర.

పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు దయాళువు అని కొందరంటారు. ఇది కొత్త అభిప్రాయం కాదు. క్రీ.శ. రెండో శతాబ్దంలో మార్షియన్ అనే ఆయన ఈ ఇద్దరూ వేర్వేరు దేవుళ్లని బోధించాడు, 144లో రోమాలోని సంఘం ఆయన్ని వెలివేసింది. పైన చెప్పిన హోషేయ పాత నిబంధనలోనిదే, కొలాసిస్ వచ్చే అంత్యతీర్పు కొత్త నిబంధనలోనిదే. ఆ విభజన నిలవదు.

క్షమించిన తరువాత కూడా ఫలితం మిగులుతుందా అన్నది కష్టమైన ప్రశ్న. సమూయేలు రెండో గ్రంథంలో దావీదు ఊరియా భార్యను తీసుకుని ఊరియాను చంపిస్తాడు. నాతాను ప్రవక్త వచ్చి, ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెబుతాడు. దావీదు మండిపడి తీర్పు చెప్పాక, ఆ మనిషివి నీవే అని తేలుతుంది. ఇదీ దిద్దుబాటే, దోషి నోటితోనే తీర్పు చెప్పించడం. దావీదు ఒప్పుకున్నాడు, క్షమాపణ దొరికింది, అయినా బిడ్డ చనిపోయాడు, ఇంట్లో కత్తి ఆగలేదు. ఏ పాపమూ ఎరుగని పసివాడి చావు ఎవరిని దిద్దింది అని విద్యార్థులు ప్రతి ఏడూ అడుగుతారు. వ్యాఖ్యాతలు చెప్పిన సమాధానాలు ఏవీ నన్ను తృప్తిపరచలేదు. ఆ మాట తరగతిలో దాచను.

కృపకూ మనిషి ప్రయత్నానికీ ఉన్న సంబంధం మీద అయిదో శతాబ్దంలో అగస్టీన్, పెలేగియస్ పక్షాలు పోరాడాయి. తమిళనాట చదువుకునేవారికి శ్రీవైష్ణవుల మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలు తెలిసే ఉంటాయి. తల్లిని పట్టుకుని వేలాడే కోతిపిల్లా, తల్లే నోట కరచుకుని తీసుకుపోయే పిల్లిపిల్లా అన్న ఆ చర్చ దీనికి దగ్గరి చుట్టం. దాని జోలికి ఇప్పుడు పోను.

నాకు ఈ విషయం పుస్తకాల ద్వారా మొదలు కాలేదు. మా చిన్నమ్మ వాళ్లది కోలారు బంగారు గనుల కాలనీ. చిత్తూరు జిల్లా నుంచి రెండు తరాల కింద వెళ్లినవారు. చిన్నాయన భూమి అడుగున పనిలో ఉండగా రాయి కూలి పోయాడు. నేను అప్పుడు హైస్కూలు పిల్లవాణ్ని. మూడో రోజు ప్రార్థనకు వచ్చిన సంఘపెద్ద ఒకాయన, కూర్చోకముందే, "ఏం పాపం మిగిలుండాదో, దేవుడు శిక్ష ఏసినాడు, ఓర్చుకో మ్మా" అన్నాడు. చిన్నమ్మ తల ఎత్తలేదు. ఎదురింటి ముసలావిడ, చదువు రానిది, గడపలో కూర్చుని ఉంది. "అట్ల అనొద్దు నాయనా. ఆ గోపురం కూలి పద్దెనిమిదిమంది సచ్చిపోతే, వాళ్లేమన్నా ఊరందరికంటే పాపాత్ములా అని ప్రభువే అడిగినాడు గదా" అంది. పెద్దాయన మారుమాట్లాడలేదు.

ఆమె చెప్పింది లూకా సువార్త పదమూడో అధ్యాయంలోని సిలోయము గోపురం సంగతి. రాయి కూలి చనిపోయినవాడి ఇంట్లో అంతకంటే తగిన భాగం మరొకటి లేదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ఎవరి పాపం అని అడిగితే, అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదు అన్న జవాబు వస్తుంది. యోబు గ్రంథం సంగతి చెప్పనే అక్కర్లేదు. మిత్రులు ముగ్గురూ అధ్యాయాల తరబడి, నీ పాపమే నీ కష్టానికి కారణమని శాస్త్రబద్ధంగా వాదిస్తారు. చెరసాలలో రామదాసు రాముణ్ని ఆక్షేపించినట్టు యోబు దేవుణ్ని నిలదీస్తాడు. చివరకు దేవుడు తప్పుపట్టింది దేవుని పక్షాన వాదించిన మిత్రులను, నిలదీసినవాణ్ని కాదు. అంటే దిద్దుబాటు సిద్ధాంతానికి హద్దు గీసింది కూడా బైబులే. తన కష్టంలో దేవుని దిద్దుబాటును ఎవరికి వారు గుర్తించవచ్చు. దావీదు గుర్తించాడు. పక్కింటివాడి కష్టాన్ని చూపించి అది శిక్ష అని చెప్పే అధికారం మాత్రం ఆ మిత్రులకు ఇవ్వలేదు.

సాహిత్య విద్యార్థులు తప్పక చదవాల్సింది విలాపవాక్యములు. క్రీ.పూ. 587లో గాని 586లో గాని బబులోను సేనలు యెరూషలేమును కూల్చిన తరువాతి అయిదు శోకగీతాలు. మొదటి నాలుగూ అక్షరమాల క్రమంలో నడుస్తాయి. హెబ్రీ అక్షరాలు ఇరవై రెండు. మధ్యదైన మూడో గీతంలో ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున 66 చరణాలు. గుండె బద్దలైనవాడు అక్షరక్రమం పాటించడం ఏమిటి అనిపించవచ్చు. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి గదా! ఈ కవి తన జాతి తప్పు ఒప్పుకుంటాడు, ఇది దేవుని కోపమే అంటాడు. అలా అంటూనే ఆ మూడో గీతం నడుమ, దేవుడు మనుషుల్ని బాధపెట్టడం మనసారా చేసే పని కాదని అంటాడు. మూలంలో అక్షరాలా తన హృదయం నుంచి కాదు అని ఉంది. దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందన్న భావం వచ్చేది కూడా ఈ గీతంలోనే.

తెలుగు కీర్తనల్లో ఈ స్వరం వినాలంటే పురుషోత్తమ చౌదరిని (1803–1890) చదవాలి. బరంపురం, పర్లాకిమిడి, శ్రీకాకుళం ప్రాంతాలలో తిరిగి పాడినవాడు, ఒడిశా తెలుగువారికి సొంత కవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిలో ఆయన పాటలు అనేకం ఉన్నాయి. వాటిలో శిక్ష, కృప, కరుణ, దయ అనే మాటలు ఎక్కడెక్కడ వస్తాయో పట్టిక వేస్తే ఎం.ఫిల్. స్థాయి పరిశోధనకు సరిపడే సామగ్రి దొరుకుతుంది. ఆ పని ఎవరైనా ఒడియా వచ్చిన విద్యార్థి చేపట్టాలని నా కోరిక.

చివరగా యోనా. చేప కథగా అందరికీ తెలుసు గాని, చేప అసలు సంగతి కాదు. నీనెవె అష్షూరు రాజ్యపు మహానగరం, ఇశ్రాయేలుకు బద్ధశత్రువు. అక్కడికి వెళ్లి నాశనం ప్రకటించమంటే యోనా ఓడ ఎక్కి ఎదురు దిక్కుకు పారిపోయాడు. భయంతో పారిపోయాడనుకుంటాం. నాలుగో అధ్యాయంలో అతనే అసలు కారణం చెబుతాడు: నీవు కనికరం గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను, అని. ఊరు పశ్చాత్తాపపడింది, శిక్ష తప్పింది, యోనా అలిగి ఊరి బయట కూర్చున్నాడు. తనకు నీడనిచ్చిన తీగ రాత్రికి రాత్రి ఎండిపోతే చావాలన్నంత ఏడ్చాడు. నీవు నాటని తీగ మీద నీకు అంత జాలి ఉంటే, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న ఊరి మీద నాకు ఉండకూడదా అని దేవుడు అడుగుతాడు. యూదులు ప్రతి ఏటా ప్రాయశ్చిత్త దినం నాడు మధ్యాహ్నం ఈ గ్రంథాన్ని చదువుతారు. యోనా ఏమని జవాబిచ్చాడో గ్రంథంలో లేదు. దేవుడు అడిగిన ఆ ప్రశ్నతోనే అది ఆగిపోతుంది. ఆ ప్రశ్నలో మనుషుల తరువాత, ఆ ఊరి పశువుల మాట కూడా ఉంది.